కార్తీకానికి ముందు వచ్చిన ఎల్క్

2016లో దీపావళి అక్టోబరు 30న, ఆదివారం నాడు వచ్చింది. అమెరికాలోని కొలరాడోలో ఆ ఏడాది ఎల్క్ వేటకు రెండో రైఫిల్ సీజన్, అంటే రైఫిల్‌తో వేటాడనిచ్చే రెండో విడత, ముగిసింది కూడా ఆ రోజే. ఈ సంగతి ఆగస్టులోనే క్యాలెండర్ చూసి పసిగట్టిన మా ఆవిడ, "శనివారం రాత్రికి ఇంట్ల ఉండాలె. దొరికినా సరే, దొరకకున్నా సరే" అని ఒకే మాట చెప్పి ఊరుకుంది. అంతకుముందు రెండేళ్ళూ నేను కొండల మీది నుంచి ఉత్త చేతులతో దిగిరావడం చూసిన మనిషి కనుక, ఆ "దొరకకున్నా" అన్న మాటను కొంచెం నొక్కి పలికిందేమోనని నాకు అనుమానం.

ఎల్క్‌ను చూడనివారి కోసం ఒక మాట. అది మన నల్లమల కణుజు జింకకు దూరపు చుట్టం. మగది మూడు వందల కిలోలకు పైగా తూగుతుంది. దాని కొమ్ములు ఏటా చలికాలం వెళ్ళాక రాలిపోయి, వేసవి ముగిసేసరికి మళ్ళీ నిండుగా ఎదుగుతాయి. సెప్టెంబరులో, జతకట్టే కాలంలో అది పెట్టే కూత వింటే ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాడు కొండ మీద కూర్చుని సన్నాయి ఊదుతున్నట్టు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గనుల ఊళ్ళకు మాంసం అమ్మే వేటగాళ్ళు వీటిని ఎంతగా చంపారంటే, 1910 ప్రాంతానికి కొలరాడోలో వెయ్యికి మించి మిగలలేదంటారు. తర్వాత వయోమింగ్ నుంచి తెచ్చి వదిలి, వేట ఆపి, మళ్ళీ నియమాలు పెట్టి తెరిచి, ఇప్పటికి వాటి సంఖ్యను రెండు లక్షల ఎనభై వేల దాకా పెంచారు. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఆ పనికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం వేటగాళ్ళు కట్టే లైసెన్సు రుసుముల నుంచి, తుపాకుల మీద, తూటాల మీద 1937 నాటి చట్టం ప్రకారం వసూలయ్యే ప్రత్యేక పన్ను నుంచి వస్తుంది. మొదట విన్నప్పుడు నాకు ఇది విచిత్రంగా తోచింది గానీ, తర్వాత అలవాటైపోయింది.

మాది అచ్చంపేట దగ్గర, నల్లమల అంచున ఉన్న చిన్న ఊరు. జొన్న చేలను అడవి పందుల నుంచి కాచుకోవడానికి మా తాత దగ్గర మందు కూరే నాటు తుపాకీ ఒకటి ఉండేదట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తుపాకీ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. నాకు ఊహ తెలిసేసరికి మట్టిగోడకు అది వేలాడిన మేకు మాత్రమే ఉంది, దానికి నాయిన గొంగడి తగిలించేవాడు. తాత చెప్పే పాత ముచ్చట్లలో గురి చూడడం, కాల్చడం రెండు మాటల్లో అయిపోయేవి. ఆయన మనసంతా పోగుల దగ్గరే ఉండేది. మోదుగాకుల మీద మాంసాన్ని పోగులు వేయడం, ప్రతి పోగులోనూ ఇంత కార్జం, ఇంత తొడ, ఇంత ఎముక పడేలా సరిచూడడం, ఆ తర్వాత ఒకడు అటు తిరిగి నిలబడితే ఇంకొకడు పోగు మీద పుల్ల పెట్టి "ఇది ఎవలది?" అని అడగడం, అటు తిరిగినవాడు నోటికొచ్చిన ఇంటి పేరు చెప్పడం, ఇవన్నీ ఆయన ఎంతో నిదానంగా, ఒక్కటీ వదలకుండా చెప్పేవాడు. కొట్టినవాడికి కూడా ఒక్క పోగే. బడికి పోయే రోజుల్లో ఈ భాగం నాకు మహా విసుగు పుట్టించేది. నాకు కావలసింది తుపాకీ మోత.

ఉద్యోగం మీద నేను డెన్వర్‌కు వచ్చింది 2006లో. మా పక్కింట్లో డెబ్బైకి దగ్గర పడుతున్న ఒక పెద్దాయన ఉండేవాడు. ఒక డిసెంబరు ఉదయం మా వాకిట్లో పేరుకున్న మంచును కూడా తన యంత్రంతోనే తోసేసి, తలుపు కొట్టి, తెల్ల కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. అది ఎల్క్ కీమా. మా ఆవిడ దాన్ని మెంతికూర వేసి వండి ఒక డబ్బా ఆయనింటికి పంపింది. కారానికి ఆయన రెండు గ్లాసుల పాలు తాగాడని, అయినా డబ్బా అడుగు దాకా ఊడ్చి తిన్నాడని ఆయన భార్య చెప్పి నవ్వింది. మరుసటి ఏడు పొట్లాలు రెండయ్యాయి. ఆ పై ఏడు, "మాంసం ఎక్కణ్ణుంచి వస్తుందో చూస్తావా?" అని అడిగాడు.

వెంటనే సరే అనలేకపోయాను. వీసా మీద ఉన్నవారికి కూడా వేట లైసెన్సు ఉంటే చట్టం దారి వదులుతుంది గానీ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మనిషికి తుపాకీ ముట్టుకునే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కార్డు 2013లో చేతికి వచ్చాక, వేటగాళ్ళ శిక్షణ తరగతిలో చేరాను. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారెవరైనా ఆ తరగతి పూర్తి చేస్తేనే ఇక్కడ లైసెన్సు కొనగలరు. గదినిండా పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు, వారి మధ్య ముప్పై ఎనిమిదేళ్ళ నేను. ముళ్ళకంచె దాటే ముందు రైఫిల్ ఖాళీ చేసి అవతల పక్కన ఎలా ఆనించి పెట్టాలో నా పక్కన కూర్చున్న పిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేసింది. పరీక్షలో ఆమెకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

రైఫిల్ పెద్దాయనదే, ముప్పై ఏళ్ళ పాతది, థర్టీ ఆట్ సిక్స్ అనే రకం తూటాలు పట్టేది, కట్టెపిడి మీద గీతలు, పట్టుకునే చోట నున్నగా అరిగిపోయిన వార్నిష్. 100 గజాల దగ్గర గురికి రెండు అంగుళాలు పైన తగిలేలా స్కోపు సరిచేసుకుంటే 200 గజాల దగ్గర తూటా దాదాపు గురి మీదే వాలుతుందని నేర్పించి, వేసవి అంతా నా చేత కాగితం మీద కాల్పించాడు. నిలబడి కాల్చడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. "కూర్చో. కూర్చోలేకపోతే కాల్చకు" అనేవాడు.

2014లో ఎల్క్‌ను చూడనే లేదు. పెంటికలు చూశాం, అడుగుజాడలు చూశాం, రాత్రి అవి పడుకున్న చోట ఒత్తుకుపోయిన గడ్డిని చేత్తో తడిమి చూశాం. 2015లో ఒక మగ ఎల్క్ 150 గజాల దూరంలో అడ్డంగా నిలబడింది. మేం వేటాడే ప్రాంతంలో ఒక కొమ్ముకైనా నాలుగు కొనలు ఉన్నదాన్ని, లేదా కంటిపైన మొలిచే కొన ఐదు అంగుళాలు ఉన్నదాన్ని మాత్రమే కొట్టాలి. నేను మూడు లెక్కపెట్టాను, నాలుగోది కొమ్మ చాటునో, నా కంగారులోనో తప్పిపోయింది. నిజంగా ఉందో లేదో తేల్చుకునేలోపు అది నడుచుకుంటూ చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది. నేను తిట్టుకుంటుంటే పెద్దాయన మాత్రం ఏదో మంచి వార్త విన్నట్టు తల ఊపాడు. ఈ వేటలో సగటున ఐదుగురిలో ఒక్కరికే జంతువు దొరుకుతుందని అప్పుడే చెప్పాడు. ముందే చెబితే రాకుండా పోతానేమో అని దాచాడట.

ఇక 2016. సోమవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయలుదేరి, రాకీ పర్వతాల నడుమ పదకొండు వేల అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటి, గ్లెన్‌వుడ్ లోయ గుండా పడమటికి వెళ్ళి, రైఫిల్ అనే ఊరి దగ్గర ఉత్తరానికి తిరిగాం. నిజంగానే ఆ ఊరి పేరు రైఫిల్. అక్కడి నుంచి మీకర్. 1901లో, ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి కొద్ది వారాల ముందు, థియొడోర్ రూజ్‌వెల్ట్ కొండసింహాలను వేటాడడానికి వచ్చి మకాం పెట్టిన ఊరు అది. దానికి తూర్పున ఫ్లాట్ టాప్స్ కొండలున్నాయి. పేరుకు తగ్గట్టే వాటి తలలు బల్లపరుపుగా ఉంటాయి. వైట్ రివర్ మంద అని పిలిచే ఎల్క్‌లు తిరిగేది ఆ కొండల్లోనే. వేసవిలో పైన మేసి, మంచు పడగానే కింది లోయల్లోకి దిగుతాయి.

మంచు పడితేనే దిగుతాయి. ఆ అక్టోబరులో మంచు లేదు. పగలు చొక్కా మీద తిరిగేటంత వెచ్చదనం. అందువల్ల అవి పైన స్ప్రూస్ చెట్ల చీకట్లోనే ఉండిపోయాయి. మంగళ, బుధ, గురువారాలు మూడూ ఎండిన ఆస్పెన్ ఆకులు కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతుంటే నడిచాం. నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ, తల మీద అలాంటి రంగు టోపీ ఉండాలన్నది నియమం. నా నారింజ వేషంలో అద్దంలో చూసుకుంటే తుపాకీ పట్టిన సన్యాసిలా ఉన్నాను. జింక జాతికి ఆ రంగు పెద్దగా కనిపించదు. తోటి వేటగాడికి కనిపిస్తే చాలు. గురువారం సాయంత్రానికి పెద్దాయన మోకాలు వాచింది.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగుంబావుకు లేచాను. అమావాస్యకు రెండు రోజులే ఉంది కనుక ఆకాశం నిండా చుక్కలు తప్ప వేరే వెలుగు లేదు. గుడారంలో ఇనుప పొయ్యి ముందు కూర్చున్న పెద్దాయన కాఫీ పోసి ఇచ్చి, "ఈ రోజు నువ్వొక్కడివే వెళ్ళు. ఎండ ఎక్కేలోపే పని చూసుకో" అన్నాడు. ఆ మాటలో లెక్క ఉంది. కొండల్లో తెల్లవారకముందు చల్లగాలి నీళ్ళలాగా పల్లానికి పారుతుంది. అప్పుడు మనం జంతువుకు కింది వైపున ఉంటే మన వాసన దానికి చేరదు. ఎండ నేలను తాకి గాలి వేడెక్కగానే వాటం తిరిగి పైకి ఎగబాకుతుంది, అప్పటిదాకా పడ్డ పాట్లన్నీ ఒక్క నిమిషంలో వృథా అవుతాయి. 2014లో మా పని అలాగే చెడింది.

గుడారానికి రెండున్నర మైళ్ళ దూరంలో, దాదాపు 9,800 అడుగుల ఎత్తున, దట్టమైన అడవికి దిగువన ఒక చిన్న గడ్డి చదును ఉంది. దాని కింది అంచున, పడిపోయిన మాను వెనక కూర్చుని, జేబులోని చిన్న సీసాతో కాస్త పొడి గాలిలోకి చిమ్మి చూశాను. పొడి నా ముఖం మీదుగా వెనక్కు, పల్లానికి జారిపోయింది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. అక్కడ ఆ రోజుల్లో పొద్దు పొడిచేది ఏడున్నర దాటాకే. ఏడుంబావుకు గడ్డి పరకల మీద పేరుకున్న మంచుపొడి కనిపించసాగింది. ఏడున్నరకు అవతలి అంచున అడ్డంగా పడి ఉన్న మొద్దు ఒకటి నా దృష్టిలో పడింది. అంతకుముందు అది అక్కడ ఉన్నట్టు గుర్తులేదు. చూస్తుండగానే ఆ మొద్దు తల ఎత్తింది.

కుడి కొమ్ము చెట్ల చాటున ఉంది. ఎడమ కొమ్మును బైనాక్యులర్స్‌లో లెక్కపెట్టాను. కంటిపైన ఒకటి, దాని మీద రెండు, మూడు, నాలుగు, చివర తెల్లగా అరిగిన ఐదు. కిందటేడు జరిగింది గుర్తుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఐదే. దూరం 170 గజాలు. వీపు సంచిని మాను మీద పెట్టి, దాని మీద రైఫిల్ ఆనించి, కూర్చునే ఉన్నాను. అది రెండడుగులు ముందుకు వేసి పక్కకు తిరిగి మేయడం మొదలుపెట్టింది. ముందరి జబ్బ వెనక, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి నిలిపి, ఊపిరి సగం వదిలి, మీట నొక్కాను.

ఇన్నేళ్ళుగా కావాలనుకున్న ఆ మోత నాకు వినిపించనే లేదంటే నమ్మాలి. భుజానికి తగిలిన దెబ్బ కూడా గుర్తు లేదు. ఎల్క్ ఒక్కసారి వీపు వంచి, ఏమీ జరగనట్టే అడవిలోకి పరుగెత్తింది. కొమ్మలు విరిగిన చప్పుడు, తర్వాత ఏదో బరువైనది ఒరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. వెంటనే వెనకబడితే ప్రాణం ఉన్న జంతువు లేచి మైళ్ళు పోతుందని, అరగంట కదలవద్దని పెద్దాయన ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. వణుకు అప్పుడు మొదలైంది, కాల్చక ముందు కాదు. నీళ్ళ సీసా మూత తీయడానికి మూడుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది.

అది నిలబడిన చోట గడ్డి మీద ఏమీ లేదు. పది గజాలు ముందుకు పోయాక, పసుపు రంగు ఆస్పెన్ ఆకు ఒకదాని మీద రూపాయి బిళ్ళంత నెత్తురు, అందులో సన్నటి నురగ. నురగ ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అక్కడి నుంచి అరవై గజాల లోపే, రెండు మానుల మధ్య పక్కకు ఒరిగి పడి ఉంది. వెనక వైపు నుంచి వెళ్ళి, పొడవాటి పుల్లతో కంటిని తాకి చూశాను. రెప్ప పడలేదు. పశువుల కొట్టం వాసన వస్తోంది. నోటి పక్కన నమలని గడ్డి పరక ఒకటి, ఇంకా తడిగా. నేను తొడుగు తీసి దాని మెడ మీది ముదురు జూలులో చెయ్యి పెట్టాను, వేళ్ళు కనిపించనంత దట్టంగా ఉంది, అడుగున వెచ్చగా ఉంది. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏడుపు రాలేదు, సంబరమూ రాలేదు. కాసేపటికి వచ్చింది మాత్రం భయం. దాని కాలు పట్టుకుని అటు తిప్పబోతే అంగుళం కూడా కదలలేదు, ఎండ ఎక్కుతోంది, నేను ఒక్కణ్ణి.

లైసెన్సుతో పాటు వచ్చే ట్యాగును చింపి, తేదీ వేసి సంతకం చేసి, కత్తి తీసి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక నిలబడి ఉండగా పెద్దాయన కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. రెండు గంటలు నడిచాడు. "ఒక్క మోతే వినబడింది. అందుకే కత్తులన్నీ పట్టుకొచ్చాను" అన్నాడు.

మా ఊళ్ళో మేకను చెట్టుకు వేలాడదీసి తోలు తీయడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఇక్కడ వేలాడదీసే ప్రశ్నే లేదు. పడి ఉన్నదాన్ని పడినట్టే ఉంచి, వెన్ను పొడవునా తోలు కోసి, పక్కలకు ఒలిచి, పొట్ట తెరవకుండానే పైవైపు మాంసం అంతా తీసి, తర్వాత తిప్పి రెండో వైపు చేయడం ఆయన పద్ధతి. ముందరి జబ్బకు ఎముకల కీలు ఉండదని, కండల మీదే ఆని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కాలు పైకి ఎత్తి పట్టుకుని కత్తిని ఒంటి వెంబడి నడిపిస్తే తలుపు తీసినట్టు విడివడి వచ్చేసింది. తొడ అలా రాదు. తుంటి గిన్నెను వెదికి, కత్తి మొనతో లోపలి నరాన్ని తెంపాలి. నేను వెదుకుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని సరైన చోటికి జరిపాడు. తెగినప్పుడు సీసా మూత తీసినట్టు చిన్న చప్పుడైంది. వెన్నుపూసకు ఇరువైపులా చేతి పొడవున ఉండే కండలు, కడపటి పక్కటెముక వెనక నుంచి చెయ్యి పెట్టి లాగే లోపలి మెత్తని కండలు, మెడ, పక్కటెముకల మధ్య మాంసం, ఇవన్నీ తెల్ల గుడ్డ సంచుల్లోకి చేరాయి. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం ఇక్కడ నేరం. మగదని తెలిపే గుర్తు ఒక తొడకు అంటి ఉండాలన్నది ఇంకో నియమం. ఆ ఒక్క కోత మాత్రం పెద్దాయన తానే చేశాడు. చివరకు పక్కటెముకల కింద సందు చేసి గుండె, కార్జం తీశాం. బూడిద రంగు జే పిట్టలు రెండు వచ్చి, మా చేతులకు మూరెడు దూరంలో వాలి, కొవ్వు ముక్కలు ఏరుకుపోయాయి. ఈ పని ముగిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

సంచులను ఉత్తరపు వాలున నీడలో కొమ్మలకు వేలాడదీసి మోత మొదలుపెట్టాం. ఒక్కో వెనక తొడ అరవై పౌండ్ల పైమాటే. మొదటి తొడను సంచికి కట్టుకుని లేవబోతే వెల్లకిలా పడిపోయాను, పెద్దాయన నవ్వి కర్ర అందించాడు. ఆయన తన వంతుగా వెన్ను కండలు, కార్జం మోశాడు. చీకటి పడేలోపు నేను చేయగలిగింది రెండు రాకపోకలే. రెండోసారి దిగేటప్పుడు దారి అంతా హెడ్‌ల్యాంప్ వెలుగు పడినంత మేరకే ఉంది, అది తప్ప మిగతా లోకం లేదు. తొడ బరువుకు వెనక్కు లాగుతుంటే, తాత కథలో కావడి మీద మోసుకొచ్చారని ఒక్క ముక్కలో తేల్చేసిన భాగం గుర్తుకొచ్చింది. ఆయన అది ఎందుకు విడమరిచి చెప్పలేదో అర్థం కాలేదు. బహుశా మోసింది ఆయన కాదేమో.

శనివారం ఉదయం, పక్కన గుడారం వేసుకున్న అన్నదమ్ములిద్దరు, వారికి అప్పటిదాకా ఏమీ దొరకకపోయినా, అడగకుండానే సంచులు తగిలించుకుని నాతో వచ్చి మిగిలిన జబ్బలు రెండూ మోసుకొచ్చారు. తల, మెడ మాంసం నా వీపున. డబ్బు ఇవ్వబోతే చిన్నబుచ్చుకున్నట్టు చూశారు. పెద్దాయన లోపలి మెత్తని కండల్లో ఒకటి వారి చేతిలో పెట్టించి, ఎవరికి ఎంత ఇచ్చానో, నా లైసెన్సు నంబరు ఎంతో ఒక చీటీ మీద రాయించి సంతకం పెట్టించాడు. ఇక్కడ పోగుకు కూడా కాగితం ఉండాలి.

ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. వాకిట్లో దీపాలు లేవు, గుమ్మానికి బంతిపూల దండ మాత్రం ఉంది. మా ఆవిడ నా చొక్కా మీది మరకలు చూసి, ఐస్ పెట్టెలు చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "పండుగ పూట అది మా గడప తొక్కొద్దు" అంది. సోమవారం నుంచి కార్తీకం. అంటే నెల రోజుల పాటు మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. మూడేళ్ళు తిరిగి సంపాదించిన మాంసాన్ని ముట్టుకునే యోగం నాకు లేదన్న సంగతి ఆ గుమ్మం ముందు నిలబడినప్పుడు తెలిసింది. వేట తేదీలను దీపావళితో సరిచూసిన మనిషి ఆ తర్వాతి రోజు ఏమిటో నాకు చెప్పనే లేదు.

అందువల్ల దీపావళి నాడు ఉదయం మా ఇంట్లో గారెలు వేగుతుంటే, నేను పక్కింటి గ్యారేజీలో బల్ల ముందు నిలబడి మాంసం కోశాను. కండల మీది వెండి రంగు పొరను కత్తితో ఒలవడం, సన్న ముక్కలు కీమా యంత్రంలో వేయడం, తెల్ల కాగితంలో చుట్టి దారం కట్టడం. ప్రతి పొట్లం మీద పేరు రాసే పని నాది. తొడ, జబ్బ, మెడ, పాయ అని తెలుగులో రాశాను. పెద్దాయన అక్షరాలు చూసి, ఇక తన ఫ్రీజర్‌లోంచి ఏది తీసినా లాటరీయే అన్నాడు. ఎముక లేకుండా తూకం 174 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. ఈ ప్రాంతపు జింకలకు, ఎల్క్‌లకు మెదడును తినేసే ఒక జబ్బు వస్తుంది. దాన్ని మొదట గుర్తించింది 1967లో, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే. అందుకని కొమ్ములు కోసి ఉంచుకుని తలను పరీక్షకు ఇచ్చాం. జబ్బు లేదని నవంబరులో జవాబు వచ్చింది. అప్పటికి నేను తోటకూర పప్పు తింటున్నాను.

కార్తీకం వెళ్ళాక, డిసెంబరు 4, ఆదివారం నాడు ఐదు కుటుంబాలను పిలిచాం. ఎల్క్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదని తెలియక, మొదటి గిన్నెను మా ఆవిడ మేకమాంసం లెక్కన వండేసరికి అది పీచులా ఎండిపోయింది. రెండో గిన్నెకు నూనె ఇంకొంచెం పోసి, పాయ ఎముకలు కూడా వేసి, సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచింది. ఆ రెండోది జొన్నరొట్టెలతో తిన్నవారు ఇప్పటికీ అడుగుతుంటారు. భోజనాలయ్యాక మా గ్యారేజీ నేల మీద పాత పత్రికలు పరిచి, ప్రతి దానిలోనూ ఒక తొడ పొట్లం, ఒక జబ్బ, రెండు కీమా, ఒక పాయ పడేలా పోగులు పెట్టాను. పెద్దాయనకు అప్పటికే తన వాటా వెళ్ళినా, ఆయన పేరు కూడా కలిపాం. మా అబ్బాయిని గోడ వైపు తిప్పి నిలబెట్టి, చీపురు పుల్ల పోగు మీద పెట్టి, "ఇది ఎవరిది?" అన్నాను. వాడికి ఆట అర్థమయ్యాక పెద్దాయన పేరు మూడుసార్లు చెప్పాడు, రెండుసార్లు కొట్టివేయవలసి వచ్చింది.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేశాను. అక్కడ సోమవారం తెల్లారింది. నాయిన తుపాకీ సంగతి అడగలేదు, ఎంత దూరం నుంచి కొట్టానో అడగలేదు.

"ఎన్ని పోగులైనయిరా?"

"ఏడు, నాయినా."

"మరి ఆ పెద్దమనిషికి తలకాయ ఇచ్చినవా?"

"తలకాయ సర్కారోళ్ళు తీసుకున్నరు. పరీక్షకు."

కాసేపు అవతలి నుంచి చప్పుడు లేదు. తర్వాత ఆయన దగ్గు తెర వచ్చేదాకా నవ్వి, "ఆడ కూడ సర్కారుకు ఒక పోగు పెట్టాల్నా?" అన్నాడు. ఆ పైన ఎల్క్ మాట వదిలేసి, అంత మందికి జొన్నరొట్టెలు ఎవరు చేశారని అడగడం మొదలుపెట్టాడు.